జకార్డు... ఒక మనిషి పేరు!

ధర్మవరం పట్టుచీర మీద పువ్వులు పూయించే పెట్టె వెనక ఓ ఫ్రాన్సు నేతగాడి జీవితం ఉంది. అది కష్టాల కథ. యంత్రం వల్ల బాగుపడేదెవరు, బలయ్యేదెవరు అన్న ప్రశ్న కూడా అందులోనే ఉంది.

బెంగళూరు నుంచి గుంతకల్లు వైపు వెళ్లే రైలెక్కితే కర్ణాటక దాటాక మూడు ఊళ్లు తగులుతాయి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. ఒకచోట పట్టుగూళ్ల మార్కెట్, ఒకచోట రాయలనాటి కోట, మరోచోట పట్టుచీరలు. ఈ మూడింటినీ కలిపేవి రైలుపట్టాలు మాత్రమే కాదు, సన్నటి పట్టుదారం కూడా!

చుట్టుపక్కల పల్లెల్లో మల్బరీ ఆకు మేసి పెరిగిన పురుగులు కట్టిన గూళ్లను రైతులు హిందూపురం మార్కెట్‌కు తెస్తారు. పక్కనే ఉన్న కిరికెరలో పట్టు పరిశోధన సంస్థ కూడా ఉంది. గూటిని వేడినీళ్లలో వేసి కొస దొరకబుచ్చుకుంటే వెయ్యి మీటర్ల దాకా తెగకుండా వచ్చే దారం అది. ఇక్కడి గూళ్ల దారం, కర్ణాటక నుంచి వచ్చే దారం... మెలి తిరిగి, రంగుల్లో మునిగి, పడుగుగా మారి చివరికి ధర్మవరం మగ్గం ఎక్కుతుంది.

ఆ మగ్గం దగ్గర ఒక్క నిమిషం ఆగి తల పైకెత్తితే ఓ వింత కనిపిస్తుంది. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నేతన్న నెత్తిమీద, దూలానికి దగ్గరగా చెక్కా ఇనుమూ కలిపి చేసిన ఓ పెట్టె. దాని పక్కనే దండలా గుచ్చి వేలాడదీసిన అట్టలు. ప్రతి అట్ట నిండా చిల్లులే. కింద కాలితో తొక్కినప్పుడల్లా పైన టక్‌మని శబ్దం. ఒక అట్ట పక్కకు తప్పుకుంటుంది, మరో అట్ట ముందుకొస్తుంది. కింద చీర కొంగు మీద నెమలి మెడ ఓ నూలుపోగంత పెరుగుతుంది.

ఏమిటా పెట్టె అని అడిగితే చిన్నపిల్లలు కూడా చెబుతారు... ‘జకార్డు’ అని. అదేదో ఇంగ్లీషు మాట అనుకుంటారు చాలామంది. కాదు. అది ఓ మనిషి పేరు. ఫ్రాన్సువాళ్లు చివరి అక్షరం మింగేసి ‘జకార్’ అంటారు. మనవాళ్లు నోరారా ‘జకార్డు’ అంటారు. అంతే తేడా!

దారాలు లాగలేని పిల్లాడు

జోసెఫ్ మరీ జకార్డు 1752 జులై 7న ఫ్రాన్సులోని లియాన్ నగరంలో పుట్టాడు. మనకు పెళ్లి పట్టు అనగానే ధర్మవరమో కంచో గుర్తొచ్చినట్టు అప్పట్లో ఐరోపా రాజులకూ రాణులకూ పట్టు అంటే లియానే. వాళ్ల అసలు ఇంటిపేరు షార్ల్. ఆ ఇంటిపేరున్నవాళ్లు ఊళ్లో చాలామంది ఉండటంతో వీళ్ల శాఖను ‘జకార్డు’ అనే మారుపేరుతో పిలిచేవారు. చివరికి అదే నిలిచిపోయింది.

తండ్రి జరీపట్టు నేయడంలో ఆరితేరినవాడు. తల్లి కాగితం మీది డిజైన్‌ను చదివి మగ్గానికి దారాలు సిద్ధం చేసే పనిచేసేది. తొమ్మిదిమంది పిల్లల్లో పెరిగి పెద్దయింది ఇద్దరే, జోసెఫ్, అతని అక్క. 

ఆ రోజుల్లో పువ్వులూ లతలూ ఉన్న బట్ట నేయాలంటే మగ్గానికి ఇద్దరు కావాలి. ఒకరు కూర్చుని నేస్తారు. రెండోవాళ్లు పక్కన నిలబడి ఏ వరసకు ఏ పడుగు పోగులు లేవాలో ఆ తాళ్లను లాగి పట్టుకోవాలి. ఈ పనికి ఎక్కువగా పిల్లలనే పెట్టేవారు. బరువైన తాళ్లు, రోజంతా నిలబడటం, వంగడం. చిన్న జోసెఫ్‌నూ తండ్రి ఈ పనిలోనే పెట్టాడు. పిల్లాడి వల్ల కాలేదు. దాంతో పుస్తకాలు కుట్టేచోట ఒకసారి, అచ్చు అక్షరాలు పోతపోసేచోట ఒకసారి పనికి కుదిర్చారు. పదమూడేళ్లు వచ్చేదాకా అతనికి చదవడం రాయడం రాదు. అచ్చాఫీసు, పుస్తకాల దుకాణం ఉన్న బావ చేరదీసి అక్షరాలు నేర్పాడు.

పదేళ్లకే తల్లి పోయింది. ఇరవయ్యేళ్లకు తండ్రీ పోయాడు. ఇల్లు, మగ్గాలు, ఓ ద్రాక్షతోట చేతికొచ్చాయి. కానీ డబ్బు నిలబెట్టుకోవడం అతనికి చేతకాలేదు. 1778లో క్లాడీన్ అనే ఆమెను పెళ్లి చేసుకున్నాడు. మరుసటేడు కొడుకు పుట్టాడు. ఈలోగా ఆస్తి అప్పులపాలైంది. భార్య గడ్డితో టోపీలు అల్లేచోట పనికి వెళితే, జోసెఫ్ పని వెతుక్కుంటూ ఊళ్లు తిరిగాడు. కొన్నాళ్లు సున్నం బట్టీలో కూలి కూడా చేశాడంటారు.

ఆపైన ఫ్రెంచి విప్లవం వచ్చింది. 1793లో లియాన్ నగరాన్ని సైన్యం ముట్టడించినప్పుడు తండ్రీకొడుకులిద్దరూ ఊరి తరఫున తుపాకులు పట్టారు. ఊరు ఓడిపోవడంతో మారుపేర్లతో తప్పించుకుని, చివరికి అదే విప్లవ సైన్యంలో చేరారు. ఓ యుద్ధంలో కొడుకు చనిపోయాడు. ఒక్కగానొక్క కొడుకు! యాభైకి చేరువవుతున్న వయసులో జోసెఫ్ ఒంటరిగా ఊరికి తిరిగొచ్చాడు. చేతిలో ఏమీ లేదు. బుర్రలో మాత్రం చిన్నప్పుడు తాను లాగలేకపోయిన ఆ తాళ్లున్నాయి.

చేపల వల మార్చిన రాత

1801లో పారిస్‌లో జరిగిన పరిశ్రమల ప్రదర్శనలో తాను చేసిన ఓ మగ్గాన్ని పెట్టి కంచు పతకం గెలిచాడు. 1803లో చేపల వలలు అల్లే యంత్రం చేశాడు. దాంతో ప్రభుత్వం దృష్టిలో పడ్డాడు. పారిస్ రమ్మని పిలుపొచ్చింది. 

పారిస్‌లో పాత యంత్రాలను భద్రపరిచే ఓ సంస్థ ఉంది. అక్కడ జకార్డు కంటపడింది ఓ పాత మగ్గం. దాన్ని తయారుచేసిన వోకాన్‌సన్, రెక్కలాడించే యంత్రపు బాతును చేసి ఐరోపాను అబ్బురపరిచినవాడు. పడుగు దారాలు వాటంతటవే లేచే మగ్గాన్ని ఆయన 1740ల్లోనే చేశాడు. కానీ అది పెద్ద బట్టలకు పనికిరాక మూలన పడింది. అంతకుముందే 1725లో బుషోన్ అనే లియాన్ వాసి చిల్లులు కొట్టిన కాగితంతో దారాలను ఎంచుకోవడం కనిపెట్టాడు. ఆయన తర్వాత ఫాల్కన్ అనే మరొకాయన కాగితం బదులు అట్టలను దండగా గుచ్చాడు. ఎవరికి వారు తలా ఓ మెట్టు కట్టి ఆగిపోయారు.

జకార్డు చేసిందల్లా ఆ మెట్లన్నిటినీ కలపడం. అట్టల దండ, దారాలు లేపే కొక్కేలు, వాటిని కదిలించే సూదులు... అన్నీ ఒకే పెట్టెలో ఇమిడాయి. ఆ పెట్టె మగ్గం నెత్తిన కూర్చుంది. 1804-05 నాటికి యంత్రం సిద్ధమైంది. మొదట్లో అది తరచూ మొరాయించేది. తర్వాతి పదేళ్లలో బ్రెతాన్ అనే మరో యంత్రకారుడు లోపాలు సరిదిద్దాకే అది నమ్మకంగా నడిచింది. పేరు మాత్రం జకార్డుదే మిగిలింది.

చిల్లు ఉంటే లేస్తుంది... లేకపోతే లేదు!

ఇంతకీ ఆ చిల్లుల మహత్యం ఏమిటి? చూడటానికి గజిబిజిగా ఉంటుంది కానీ, అర్థం చేసుకోవడం తేలికే.

నేత అంటే నిలువు దారాలైన పడుగు మధ్యలోంచి అడ్డదారమైన పేకను పంపడం. కొన్ని పడుగు పోగులు పైకి లేస్తే, వాటి కిందుగా నాడె దూసుకెళుతుంది. ఏ పోగులు లేచాయన్నదాన్ని బట్టే బట్ట మీద బొమ్మ వస్తుంది. ఒక్కో పేకకు ఒక్కో అట్ట. కాలితో తొక్కగానే అట్ట వెళ్లి సూదుల వరసకు ఆనుతుంది. అట్టలో చిల్లు ఉన్నచోట సూది లోపలికి దూరిపోతుంది, దానికున్న కొక్కెం అలాగే నిలబడి పోగును పైకి లేపుతుంది. చిల్లు లేనిచోట సూది వెనక్కి నెట్టుకుపోతుంది, కొక్కెం తప్పుకుంటుంది, పోగు కిందే ఉండిపోతుంది. అంతే సంగతి! చిల్లు ఉంటే లేవాలి, లేకపోతే లేవకూడదు. ఒకసారి అట్టలు కొట్టించి పెడితే అదే నెమలిని వంద చీరల మీద ఆడించవచ్చు.

ఆ అట్టల మీదికి డిజైన్లు ఎక్కడినుంచి వస్తాయి? ఈ ప్రాంతానికి సంబంధించి చాలా వరకు సమాధానం లేపాక్షిలో ఉంది. హిందూపురానికి దగ్గర్లో ఉన్న వీరభద్రాలయాన్ని 16వ శతాబ్దంలో, పెనుకొండలో విజయనగర రాజుల అధికారిగా ఉన్న విరూపణ్ణ కట్టించాడని చెబుతారు. అక్కడి లతా మండపం స్తంభాల మీద ఒక్కో గడిలో ఒక్కో రకం అల్లిక. పైకప్పు చిత్రాల్లోని ఆడవాళ్లు కట్టిన చీరల్లోనూ రకరకాల అంచులు. ధర్మవరం డిజైనర్లకు అవి తరగని గని. రాతి మీది లతను గ్రాఫు కాగితం మీద గళ్లుగా విడగొడతారు. ఆ గళ్లను చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఒక్క కొంగుకే వందల్లో, పెద్ద డిజైనైతే వేలల్లో అట్టలు కావాలి. రాయలనాటి శిల్పి ఉలి దెబ్బ, ఫ్రాన్సు నేతగాడి అట్ట మీద చిల్లుగా మారి, చీర మీద జరీ పోగై మెరుస్తుందన్నమాట. ఇప్పుడు గ్రాఫు పని చాలాచోట్ల కంప్యూటర్ మీదే సాగుతోంది. అట్టలే లేని ఎలక్ట్రానిక్ జకార్డులూ వచ్చాయి. వాటికి 1983లో ఇంగ్లండులోని బోనాస్ కంపెనీ శ్రీకారం చుట్టింది. సూత్రం మాత్రం అదే.

కంప్యూటర్‌కు ముత్తాత

కంప్యూటర్ అంటే చిత్రం గుర్తొస్తుంది. అక్షరాలా చిత్రమే! జకార్డు చనిపోయిన కొన్నేళ్లకు, 1839లో లియాన్ నేతగాళ్లు అతని బొమ్మనే పట్టు మీద నేశారు. దూరం నుంచి చూస్తే ముద్రించిన చిత్రంలా ఉండే ఆ బట్టకు పట్టిన అట్టలు 24,000. ఇంగ్లండుకు చెందిన గణిత శాస్త్రవేత్త చార్లెస్ బాబేజ్ అందులో ఓ ప్రతిని సంపాదించి ఇంట్లో పెట్టుకున్నాడు. చిల్లులతో పట్టు మీద పువ్వు వేయగలిగితే లెక్కలెందుకు చేయించలేం అన్నది ఆయన ఆలోచన. తాను కలగన్న లెక్కల యంత్రానికి చిల్లుల అట్టలతోనే పని చెప్పాలనుకున్నాడు. ఆ యంత్రం గురించి 1843లో రాసిన ఏడా లవ్‌లేస్ కూడా దాన్ని జకార్డు మగ్గంతోనే పోల్చింది.

బాబేజ్ యంత్రం పూర్తికాలేదు. చిల్లుల అట్ట మాత్రం ఆగలేదు. 1890లో అమెరికా జనాభా లెక్కల్ని హెర్మన్ హాలెరిత్ చిల్లుల కార్డులతోనే తేల్చాడు. ఆయన కంపెనీ మరికొన్నింటితో కలిసి, 1924లో ఐబీఎం అయింది. మన దేశంలోనూ తొలితరం కంప్యూటర్ ఇంజినీర్లు చిల్లుల కార్డుల కట్టలు చంకన పెట్టుకుని తిరిగినవాళ్లే. 

ఇప్పుడు మళ్లీ రైలెక్కి పెనుకొండలో దిగితే... పక్కనే ఎర్రమంచి దగ్గర 2019లో మొదలైన కియా కార్ల ఫ్యాక్టరీ. అక్కడ కారు బాడీని అతికే రోబోలు ఎప్పుడు చెయ్యి చాపాలో, ఎప్పుడు ఆపాలో ముందే రాసిపెట్టిన ఆదేశాల ప్రకారం కదులుతాయి. ఆదేశాన్ని ముందే రాసి యంత్రానికి అందించడం అన్న ఆలోచనకు లియాన్ అట్టలు తొలి అడుగుల్లో ఒకటి. అంటే పెనుకొండ రోబోకూ ధర్మవరం మగ్గానికీ దూరపు చుట్టరికం ఉందన్నమాట! రెంటి మధ్య దూరం కూడా పెద్దగా లేదు, కొన్ని స్టేషన్లు... రెండు శతాబ్దాలు.

దండలు వేసినవాళ్లు, తిట్టినవాళ్లు

1805 ఏప్రిల్లో నెపోలియన్ చక్రవర్తి భార్య జోసెఫీన్‌తో కలిసి లియాన్ వచ్చి కొత్త మగ్గాన్ని చూశాడు. యంత్రం మీద హక్కులు లియాన్ నగరానికి దక్కాయి. జకార్డుకు జీవితాంతం ఏటా 3,000 ఫ్రాంకుల పింఛను, ఆరేళ్లపాటు అమ్ముడైన ఒక్కో యంత్రానికి 50 ఫ్రాంకుల రుసుం ఇచ్చేలా ఏర్పాటైంది. 1812 నాటికి ఫ్రాన్సులో 11,000 జకార్డు మగ్గాలు ఆడుతున్నాయి.

ఊళ్లో మాత్రం అందరూ సంతోషించలేదు. తాళ్లు లాగేవాళ్ల కూలి పోయింది. తమ పొట్ట కొడతాడని నేతగాళ్లు జకార్డు మీద మండిపడ్డారు. యంత్రాలను నడివీధిలో తగలబెట్టారనీ, అతను ప్రాణాలతో బయటపడటమే గొప్పనీ కథలు చెబుతారు. అదే ఊళ్లో 1840లో అతనికి విగ్రహం కూడా పెట్టారు!

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. యంత్రం నిలదొక్కుకుంది. బట్ట పెరిగింది. వ్యాపారం పెరిగింది. నేతగాడి కూలి మాత్రం పెరగలేదు. దారం వ్యాపారిది, డిజైన్ వ్యాపారిది, అమ్మకం వ్యాపారిది. నేతగాడికి గజానికింత అని కూలి. 1831 నవంబరులో కూలి రేటు ఖాయం చేయమని లియాన్ నేతగాళ్లు వీధుల్లోకి వచ్చారు. కొన్నిరోజులు నగరమే వాళ్ల చేతుల్లోకి వెళ్లింది. సైన్యం వచ్చి అణచేసింది. 1834 ఏప్రిల్లో మళ్లీ తిరుగుబాటు. ఈసారి వందలమంది చనిపోయారు. అప్పటికి భార్యా లేక, కొడుకూ లేక లియాన్ పక్కనే ఊలన్స్ అనే ఊళ్లో కాలం గడుపుతున్న జకార్డు ఆ ఏడాదే ఆగస్టు 7న కన్నుమూశాడు.

అదే పెట్టె... రెండు మగ్గాలు

ఇదంతా ఎక్కడిదో పాత కథ అనుకోవడానికి లేదు. ధర్మవరంలో ఏ నేత కుటుంబాన్ని కదిలించినా ఇలాంటి మాటలే వినిపిస్తాయి. సొంత మగ్గం, సొంత పెట్టుబడి ఉన్నవాళ్లు కొందరే. చాలామంది యజమాని దగ్గర పడుగు, పేక, జరీ తెచ్చుకుని చీరకింత అని కూలికి నేస్తారు. మగవాళ్లు మగ్గం మీద ఉంటే, కండెలు చుట్టడం దగ్గర్నుంచి సగం పని ఇంట్లో ఆడవాళ్లదే. దాన్ని వేరే లెక్కకట్టి కూలి ఇచ్చేవాళ్లుండరు. పట్టుగూటి ధర పెరిగితే హిందూపురం మార్కెట్లో రైతు మొహం వికసిస్తుంది, ధర్మవరంలో నేతన్న గుండె గుభేలుమంటుంది. ధర పడితే అటూ ఇటూ తారుమారు. అప్పుల బరువు మోయలేక ప్రాణాలు తీసుకున్న నేతన్నల వార్తలు ఈ ఊరి నుంచి పత్రికలకెక్కడం కొత్తేమీ కాదు.

దీనికి తోడు మరమగ్గం. చేనేత మగ్గం మీద రోజులు, ఒక్కోసారి వారాలు పట్టే చీరను అది గంటల్లో దింపేస్తుంది. విచిత్రమేమిటంటే దాని నెత్తిమీద కూర్చున్నదీ జకార్డే! అదే సూత్రం, అవే కొక్కేలు. చేనేతలో జకార్డు వచ్చినప్పుడు తాళ్లు లాగే పిల్లాడికి విముక్తి దొరికింది, నేతన్న మాత్రం మగ్గం ముందే ఉన్నాడు. దానికి కరెంటు మోటారు తగిలించాక నేతన్ననే పక్కకు జరగమంటోంది. యంత్రం ఒకటే. అది మనిషి పక్కన నిలబడిందా, మనిషి చోటులో నిలబడిందా అన్నదే తేడా.

ఆ తేడాను కాపాడటానికే కేంద్రం 1985లో చేనేత రిజర్వేషన్ చట్టం తెచ్చింది. 1993లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ముందు 22 రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించారు. తర్వాత వాటిని 11కి కుదించారు. అందులో కొన్ని రకాల చీరలూ ఉన్నాయి. ధర్మవరం పట్టుచీరలకూ పావడలకూ భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అయినా మరమగ్గం మీద నేసిన చీరను చేనేత అని అమ్మేస్తున్నారన్నది నేతన్నల ఆరోపణ. పెళ్లిచీర కొనేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటుంది. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ గుర్తు అది అసలు పట్టేనని మాత్రమే చెబుతుంది. చేత్తో నేసిందా లేదా అన్నది చెప్పేది 2006లో వచ్చిన హ్యాండ్లూమ్ మార్క్. రెండూ వేరు. 

మన ఇంటి జకార్డు

మనిషి పక్కన నిలబడే యంత్రానికి మంచి ఉదాహరణ మన తెలుగునేల మీదే ఉంది. తెలంగాణలో ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం ఆరో తరగతితోనే చదువు ఆపేశాడు. పోచంపల్లి తరహా చీరకు రంగులద్దే ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి ‘ఆసు’ పోయాలి. ఒక్క చీరకు తొమ్మిది వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. తల్లి లక్ష్మి భుజాల నొప్పితో బాధపడుతుంటే చూడలేక, ఏడేళ్లు తంటాలుపడి 1999 నాటికి ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు తగ్గింది. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన జీవితం సినిమాగా కూడా వచ్చింది. ఒకరు చిన్నప్పుడు తాళ్లు లాగలేకపోయిన నేతగాడి కొడుకు, మరొకరు ఆసు పోయలేకపోతున్న తల్లి కొడుకు. ఇద్దరూ ఇంజినీరింగ్ చదవలేదు. ఇంట్లో నొప్పిని చదివారు.

2015 నుంచి మనదేశం ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవం జరుపుకుంటోంది. 1905లో అదేరోజు కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైందని ఆ తేదీని ఎంచుకున్నారు. జకార్డు కన్నుమూసిందీ ఆగస్టు 7నే. ఎవరూ అనుకుని పెట్టింది కాదు, అలా కలిసొచ్చింది. ఈసారి ఆ రోజున చేనేత గురించి ఎవరైనా మాట్లాడినప్పుడు లియాన్ నేతగాళ్లు అడిగిన ప్రశ్నను కూడా గుర్తుచేసుకోవాలి. మగ్గం మారింది సరే... మరి కూలి మాటేమిటి?